ఎస్తేరత్త కుడిచెయ్యి

"ఇంకా ఆ ఎలకను చంపతానే ఉండారా?" అన్నది మా ఎస్తేరత్త, చెప్పులు విడవకముందే.

మా అమ్మాయి స్నేహ ఇంటర్ ఇంగ్లీషు ఫైనల్‌కి చదువుతూ ఉంది. చదువుతూ ఉంది అనడం మర్యాద కోసం. నిజానికి నెల్లూరులో మా అపార్ట్‌మెంటు హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకూ, ఆ గోడ నుంచి ఈ గోడకూ నడుస్తూ ఉంది. ఆ నడకంతా ఒకే దిక్కుకు పెట్టి ఉంటే ఈపాటికి మైపాడు దగ్గర సముద్రంలో దిగి, అండమాన్‌లో టిఫిన్ చేస్తూ ఉండేది. చేతిలో ఫోను, ఫోనులో ఎవరో గడ్డం సారు, ఆ సారు నోట్లో "ది క్యాట్ కిల్డ్ ది ర్యాట్", మరుక్షణం "ది ర్యాట్ వాజ్ కిల్డ్ బై ది క్యాట్". నేను టెన్త్ చదివిన కాలంలో చచ్చిన ఎలక అది. ప్రభుత్వాలు మారినాయి, రోడ్లు మారినాయి, మా ఇంట్లో పిల్లులు తరాలకు తరాలు మారినాయి. ఆ ఎలకకు మాత్రం ఇంకా విముక్తి లేదు.

అత్త బుచ్చిరెడ్డిపాలెం నుంచి వచ్చింది. మేం మాత్రం బుచ్చి అంటాం. ఒక చేతిలో పచ్చి మామిడికాయల సంచి, ఇంకో చేతిలో ఎండు నెత్తళ్ళ చేపల పొట్లం. లిఫ్టులో ఆమెతోపాటు ఎక్కినవాళ్ళు ఆ రోజంతా కూరలు వండుకోకుండా ఉత్త అన్నంతోనే సరిపెట్టుకుని ఉంటారు, అంత ఘాటు. హెడ్ నర్సుగా రిటైరయింది. రిటైరయినా మనుషుల్ని చూడటం మానలేదు. సోఫాలో కూర్చోకముందే స్నేహ మణికట్టు పట్టుకుని, గోడ గడియారం వంక చూసి, "ఇది చదువు కాదమ్మా, జ్వరం" అన్నది.

"ఎంత చదివినా నిలవడంలేదు నానమ్మా. కూర్చుంటే మరిచిపోతా ఉండా. పేపరు ముందు పెట్టుకుంటే చెయ్యి కదలట్లేదు."

చెయ్యి కదలట్లేదు అనే మాట వినగానే అత్త నా వంక చూసింది. నేను అత్త వంక చూసినా. అప్పుడు నాకు కొడవలూరు అవతలి మా ఊరు, మార్చి నెల ఎండ, కోసిన వరి వాసన, కళ్ళంలో గడ్డివామి పక్కన పెన్ను పట్టుకుని రాయిలా కూర్చున్న ఎస్తేరత్త, అన్నీ ఒక్కసారిగా తోసుకుని వచ్చి మా హాల్లో నిలబడినాయి. హాలు చిన్నది. ఈ.ఎం.ఐ.లో కొన్నది. అయినా పట్టినాయి.

అత్త మా నాయనకు చెల్లెలు, స్నేహకు నానమ్మ వరస. అప్పట్లో బుచ్చిలో ఒక చిన్న ఆసుపత్రిలో ఆయాగా చేసేది. ఆ ఆసుపత్రి డాక్టరమ్మకు ఈమె చేతిమీద నమ్మకం. రోగి దగ్గరకు ఈమె పోయి "ఏం నాయనా" అంటే సూది భయం సగం పోయేదట. "నువ్వు టెన్త్ పాసయిరా ఎస్తేరూ, నర్సు ట్రైనింగుకి నేను రాసి పంపిస్తా" అన్నది డాక్టరమ్మ. అత్త ప్రైవేటుగా పరీక్ష కట్టింది. లెక్కలు పోయినాయి, మళ్ళీ కట్టింది, వచ్చినాయి. సైన్సు వచ్చింది. సోషలు వచ్చింది. ఇంగ్లీషు ఒక్కటి మాత్రం చుట్టమై ఇంట్లో తిష్ట వేసింది. ప్రతి ఏడూ కడుతుంది, ప్రతి ఏడూ పోతుంది. నేను టెన్త్‌కి వచ్చిన ఏడు డాక్టరమ్మ మళ్ళీ పిలిచి, "ఈసారి పోతే ట్రైనింగుకి నీ వయసు దాటిపోతుంది. అప్పుడు నేను రాసినా వాళ్ళు తీసుకోరు" అని చెప్పింది. అంటే ఆ మార్చిలో మా అత్త జీవితమంతా ఒక్క ఇంగ్లీషు పేపరు మీద కూర్చుని ఉంది. నా జీవితం కూడా కూర్చునే ఉంది కానీ, నా దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

మా ఇద్దరికీ ఇంగ్లీషు రివిజన్ చేయించింది పెంచలయ్య సారు. హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతూ, ఊళ్ళో కాస్త మాగాణి చేసుకునే మనిషి. దేవుడు మార్చి నెలను ఈయన మీద పగతోనే సృష్టించినాడని నా అనుమానం. పబ్లిక్ పరీక్షలూ వరికోతలూ ఒకేసారి వచ్చి పడేవి. కళ్ళం వదిలితే వడ్లు పోతాయి, పిల్లల్ని వదిలితే పరువు పోతుంది. అందుకని ఆయన గ్రామరును కళ్ళంలోకి తెచ్చేసినాడు. ఒకపక్క కూలోళ్ళు వరి కట్టలు కొడుతూ ఉంటే, ఇంకోపక్క మేము టెన్సులు కొట్టేవాళ్ళం. పొద్దున పొద్దున్నే తూర్పుగాలికి వడ్లు తూర్పారపడితే తాలు ఎగిరి వచ్చి మా నోళ్ళలో పడేది. ఈరోజుకీ ఎవరైనా ప్రెజెంట్ పర్ఫెక్ట్ అంటే నాకు నాలుక మీద వరిపొట్టు తగులుతుంది.

వాక్యం అంటే ఏమిటో ఆయన బోర్డు మీద చెప్పలేదు, బోర్డు బడిలో ఉంది కాబట్టి. మమ్మల్నే మాటలుగా నిలబెట్టినాడు. ఒకడు రైతు, ఒకడు కోయడం, ఒకడు వడ్లు. "తెలుగులో పనిమాట చిట్టచివర వస్తుంది, పెళ్ళి భోజనంలో మజ్జిగలాగ. ఇంగ్లీషులో ఆ మర్యాద లేదు. ఇద్దరి సీట్లో మూడోవాడు దూరినట్టు మధ్యలో దూరి కూర్చుంటాది" అని, మాలో అందరికన్నా లావుపాటివాణ్ణి పట్టుకొచ్చి మధ్యలో నిలబెట్టేవాడు. ఆ వాక్యం కదలాలంటే భూకంపం రావాలి. నన్ను ఎప్పుడూ "ది"గానే నిలబెట్టేవాడు. నేనున్నా లేకపోయినా అర్థం తెలుస్తుందట. ప్యాసివ్ వాయిస్ అనగానే కళ్ళంలో దుమ్ము లేచేది. "వడ్లు ముందుకు రాండి! రైతు ఎనక్కి పో! బై, నువ్వు యాడికి పోతా ఉండావు, మధ్యలోకి రా!" ఆ గందరగోళంలో ఒకసారి ఎవరిదో మేక కూడా వచ్చి వాక్యంలో నిలబడింది. నిలబడి ఊరుకోలేదు, ఆబ్జెక్టును తినడం మొదలుపెట్టింది.

మా అత్తను "వాజ్"గా నిలబెట్టేవాడు. వయసులో పెద్దది, పిల్లల మధ్య పొడుగ్గా, చీర కొంగు నడుముకు దోపుకుని, ఎండకు కళ్ళు చికిలించి నిలబడేది. కొన్నాళ్ళు ఓర్చుకుంది. ఒకరోజు అడిగేసింది.

"సార్, ఈ వాజ్ అంటే ఏంది సార్?"

"హెల్పింగ్ వెర్బు."

"ఆసుపత్రిలో ఆయాను. ఇంట్లో మా వదినకు సాయం. ఈడకొచ్చినా హెల్పింగేనా సార్? ఒక్కరోజన్నా మెయిన్ వెర్బుగా నిలబెట్టండి."

పెంచలయ్య సారు తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. "పాసవ్వమ్మా. పాసయినాక నీకు యాడ నిలబడాలనిపిస్తే ఆడ నిలబడు" అన్నాడు.

నిజం చెప్పాలంటే మా అత్తకు గ్రామరు రాకపోలేదు. రిపోర్టెడ్ స్పీచ్ అయితే ఆమెకు ఎవరూ నేర్పే పనే లేదు. "డాక్టరమ్మ కాంపౌండరుతో ఏమన్నదంటే, దానికి ఆయన ఏమన్నాడంటే" అని ఆసుపత్రి సంగతులు రోజూ మా ఇంటికి మోసుకొచ్చే మనిషికి ఆ పాఠం కొత్త ఎలా అవుతుంది? ప్యాసివ్ వాయిస్ దగ్గరే కాస్త పేచీ. "ఎలక ఎట్టాగూ చచ్చింది కదా సార్. దాన్ని మళ్ళీ లేపి, ముందుకు తెచ్చి కూర్చోబెట్టి, ఇంకోసారి చంపించేది ఎందుకు?" అని నిజంగానే బాధపడేది. అయినా నేర్చుకుంది. మరి ఎందుకు పోతున్నట్టు ప్రతి ఏడూ? కారణం ఒక పొద్దున కళ్ళంలో బయటపడింది.

సారు మేం రాసిన మాదిరి పరీక్ష పేపర్లు దిద్దుతూ దిద్దుతూ ఒకచోట ఆగినాడు.

"ఇదేంది ఎస్తేరమ్మా?"

"ఏది సార్?"

"ఈ పైన."

అత్త తొంగి చూసింది. "పైన ఏముంది సార్? ఏమీ లేదే."

ఉంది. పేజీ నెత్తిన, సరిగ్గా మధ్యలో, ఆవగింజంత శిలువ. అత్తకు అది కనబడలేదు. అబద్ధమాడటం కాదు, నిజంగానే కనబడలేదు. కాగితానికి నాలుగు అంచులున్నట్టు, పైన శిలువ ఉండటం కూడా కాగితం లక్షణమేననుకునేది ఆమె.

దీనికి మా ఇల్లు తెలియాలి. మా ఇంట్లో శిలువ లేకుండా కాగితం పుట్టదు. ఆ అలవాటు మా అవ్వది, అంటే నాయనమ్మది. దేవుడి పేరు పెట్టకుండా మొదలుపెట్టిన పని పునాది లేని గోడ అని ఆమె నమ్మకం. అంగడికి పంపే చీటీ మీద శిలువ, దాని కింద అరకిలో కందిపప్పు. అంగడాయన దాని కిందే శ్రీ రాసి, పప్పు లేదు, పెసలు ఉన్నాయి అని తిరిగి పంపేవాడు. మా శిలువా, ఆయన శ్రీ ఒకే చీటీలో ఎదురెదురుగా కూర్చుని బేరమాడుకునేవి. ఎన్నడూ గొడవ పడలేదు. మిల్లులో గుమాస్తాగా చేసే మా నాయన లారీ చీటీల మీద శిలువ, పచ్చడి జాడీ మూత మీద తడి వేలితో శిలువ, రేపటికి నానబోసిన పప్పు మీద శిలువ. నా చెయ్యి చిన్నప్పటినుంచీ భక్తి తక్కువది, తప్పించుకుంది. ఎస్తేరత్త కుడిచెయ్యి మాత్రం అవ్వ పెంచిన చెయ్యి. పెన్ను కాగితాన్ని తాకడానికీ శిలువ పడటానికీ మధ్య దోమ దూరేంత సందు ఉండేది కాదు.

సారు గడ్డి మీద కూలబడినాడు. పబ్లిక్ పరీక్ష పేపరు మీద ఏ గుర్తూ ఉండకూడదు. దేవుడిదైనా, మనిషిదైనా, గుర్తు కనబడితే దిద్దేవాళ్ళకు సైగ చేసినట్టు లెక్క, ఆ పేపరు పక్కన పెట్టేస్తారు. మిగతా సబ్జెక్టులు దిద్దినవాళ్ళకు ఆ ఆవగింజ కనబడలేదేమో, ఇంగ్లీషు వాళ్ళకు మాత్రం ఏటా కనబడినట్టుంది. "ప్రతిసారీ వేసినావా తల్లీ?" అన్నాడు నీరసంగా.

"వేసినట్టు నాకు తెలిస్తే కదా సార్, వేసినానో లేదో చెప్పడానికి!"

"గ్రామరంటే నేర్పించినా. చేతిని ఆపేది ఎట్టా నేర్పించేది?" అని, మాకందరికీ కార్బను పెట్టి రాసిచ్చిన పరీక్ష సూచనల కాగితం తీసి గట్టిగా చదవమన్నాడు. జవాబు పత్రముపై ఎటువంటి గుర్తులూ, చిహ్నములూ వేయరాదు, అని చదివినాం. చదివి గమ్మున ఉండుంటే సరిపోయేది. ఆ లావుపాటివాడు, మా మెయిన్ వెర్బు, "సార్, ఈ కాగితం పైన శ్రీ అని ఉంది సార్" అన్నాడు. సారు తన కాగితాన్ని దగ్గరగా పెట్టుకుని చూసినాడు, దూరంగా పెట్టి చూసినాడు. "అది సూచనల కాగితంరా. పరీక్ష కాగితం కాదు" అని, పెన్నుతో ఆ శ్రీని కొట్టెయ్యబోయి, మనసొప్పక, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ కబురు మా ఇల్లు చేరడంతోనే మా అవ్వ తవ్వతో బియ్యం కొలిచేది ఆపింది.

"దేవుడి గుర్తు వద్దనే పరీక్ష నీకెందుకే? ఆయన్ను రావద్దన్న గదిలోకి నువ్వెందుకు పోవడం?"

"గదిలోకి రావద్దనలేదమ్మా. కాగితం మీద కూర్చోవద్దన్నారు."

"నర్సువి కాకపోతే ఏమాయె? ఆయాగా చేసుకోకూడదా?"

అత్త చాటలో బియ్యం తీసుకుని, లేని రాళ్ళు ఏరుతూ కూర్చుంది.

మా అవ్వ ఇంట్లో ఎవరినీ తిట్టేది కాదు. తిట్టాలనుకున్నవాళ్ళను ప్రార్థనలో తిట్టేది. అందరం కళ్ళు మూసుకుని తల వంచుకుని ఉంటాం కాబట్టి ఎదురుచెప్పడానికి వీలుండదు. మరుసటి పొద్దున, దోసెలు ప్లేట్లలో ఆవిర్లు కక్కుతూ ఉంటే, అవ్వ మొదలుపెట్టింది. "ప్రభువా, పైచదువుల మీద ఆశతో నీ గుర్తును దాచిపెట్టాలనుకునే బిడ్డ ఈ ఇంట్లోనే ఉంది, దానిని క్షమించు. ఆ పరీక్షలు పెట్టే ఆఫీసర్లకు కూడా బుద్ధి దయచేయి." మామూలుగా అక్కడ ఆమేన్ రావాలి. రాలేదు. అత్త కళ్ళు తెరవకుండానే అందుకుంది. "ప్రభువా, నువ్వు కాగితం మీద లేకపోతే ఇంకెక్కడా లేవనుకునే తల్లులు కూడా ఈ ఇంట్లోనే ఉండారు. వాళ్ళకు ధైర్యం దయచేయి." అవ్వ ఒక రవ్వ గొంతు పెంచింది. "ప్రభువా, పెద్దవాళ్ళకు ఎదురు మాట్లాడే నాలుకలను కాయుము." "ప్రభువా, నీకు వయసు దాటదు. నాకు దాటిపోతా ఉంది." అప్పుడు మా నాయన, సగం భక్తితో సగం దోసెల కోసం, మిద్దె అదిరేటట్టు "ఆమేన్" అన్నాడు.

ఆ తర్వాత రోజుల్లో మా ఇంట్లో ఒక్కళ్ళు కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. నాయన మిల్లుకు పోయినవాడు మధ్యాహ్నమే తిరిగొచ్చి, ఏమీ మరిచిపోలేదని గుర్తు చేసుకుని మళ్ళీ పోయేవాడు. అవ్వ తెల్లారి పొయ్యి మీద పెట్టిన చేపల పులుసును మూత తీసి చూసి, మళ్ళీ మూతపెట్టి, మళ్ళీ తీసేది. అత్త తన కుడిచేతికి బుద్ధి చెప్పే పనిలో పడింది. బొటనవేలికి దారం కట్టుకుంది. కాగితం పైఅంచు మడిచి రాసింది. చెయ్యి మడత విప్పి మరీ శిలువ వేసింది. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "వేస్తా ఉంటే అరువురా అల్లుడా" అన్నది. నేను అరిచేలోపల అది పడిపోయేది. అదిలించే లోపలే కోడి గింజను మింగేసే రకం వేగం అది. ఆసుపత్రిలో జ్వరం చార్టులు చూసి డాక్టరమ్మ పిలిచి, "ఎస్తేరూ, ఈ రోగులందరికీ బాప్తిస్మం ఎప్పుడిచ్చినావు?" అని అడిగిందట.

చివరికి శిలువ ఆగింది. ఆగిందని సంబరపడబోయే లోపల ఇంకో సంగతి తెలిసింది. దానితోపాటు రాత కూడా ఆగింది. పెన్ను కాగితం మీద పెట్టి, అత్త అలాగే కూర్చుండిపోయేది. నోటితో అడిగితే ఎలకను చంపించేది, బతికించేది, ప్రశ్నగా మార్చేది, ఎవరో అన్నారని చెప్పేది. రాయమంటే కూర్చునేది. కళ్ళం ఎత్తేసే రోజు పెంచలయ్య సారు ఆమె పక్కన నిలబడి, ఎక్కువ మాట్లాడకుండా, "ఎట్టాగో మొదలుపెట్టు తల్లీ. మొదలుపెడితే నువ్వు ఆగే మనిషివి కాదు" అన్నాడు. అంతకన్నా ఆయనకూ ఏమీ తెలియలేదు.

ఇంగ్లీషు పేపరు పొద్దున మేమిద్దరం గడప దాటబోతూ ఉంటే అవ్వ చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఆ ప్రార్థనల యుద్ధం తర్వాత తల్లీకూతుళ్ళు సరిగా మాట్లాడుకోలేదు. అవ్వ అత్తచేత రెండు గుక్కలు తాగించి, వేలు చెంబులో ముంచి, ఆమె నుదుటి మీద తడితో శిలువ గీసింది.

"దీన్ని చెరిపెయ్యాలనే రూలు లేదు కదా?"

"లేదమ్మా."

బస్సు స్టాపు చేరకముందే అది ఆరిపోయింది. మార్చి ఎండ మరి. మా నెల్లూరు ఎండలో కన్నీళ్ళు కూడా చెంప సగం దాకానే వస్తాయి.

పరీక్ష బుచ్చిలో. రోడ్డంతా వడ్ల బస్తాల లారీలు, మధ్యలో మా బస్సు వరుసలో నిలబడి నిలబడి పోయింది. ప్రైవేటు వాళ్ళకు వేరే గది చాలక మా గదిలోనే వెనక బెంచీలు ఇచ్చినారు. అత్త నాకు ఒక వరుస అవతల, తల తిప్పితే కనబడేంత దూరంలో ఉంది. తల తిప్పకూడదు. తిప్పినా. ప్రశ్నపత్రం ఇచ్చినారు. అందరి పెన్నులూ కదిలినాయి. గదంతా చెదలు కొరుకుతున్నట్టు చప్పుడు. అత్త కదలలేదు. పెన్ను పట్టుకుని, కాగితం పైభాగం వంక చూస్తూ కూర్చుంది. నేను వ్యాసం మొదలుపెట్టినా, ఆపినా, చూసినా. ఆమె అలాగే ఉంది. నేను ఉత్తరం మొదలుపెట్టినా. ఆమె అలాగే ఉంది. ఆ ఏడు నా మార్కులు ఎందుకు తగ్గినాయని అడిగినవాళ్ళందరికీ ఇదే నా జవాబు.

బకెట్టూ గ్లాసూ పట్టుకుని నీళ్ళిచ్చే ఆమె వరుసల మధ్యకు వచ్చింది. అత్త చెయ్యెత్తింది. గ్లాసు తీసుకుని సగం తాగింది. మిగిలిన నీళ్ళ వంక చూసింది. అప్పుడు ఆమె మొహంలో ఏదో దారి దొరికినట్టు కనబడింది నాకు. చూపుడువేలు గ్లాసులో ముంచి, జవాబు పత్రం నెత్తిన, సరిగ్గా మధ్యలో, నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి గీసింది. నీళ్ళతో. ఒక్క క్షణం అది కాగితం మీద మెరిసింది. అత్త గ్లాసు వెనక్కి ఇచ్చి, తల వంచి రాయడం మొదలుపెట్టింది. పెంచలయ్య సారు చెప్పినట్టే, మొదలుపెట్టినాక ఆగలేదు. ఆ చెయ్యి ఇన్ని రోజుల బాకీ తీర్చుకున్నట్టు పరుగెత్తింది. ఎంత తొందరంటే, తడి పూర్తిగా ఆరేదాకా కూడా ఆగలేదు. మొదటి వాక్యంలో అక్షరాలు తడికి కాస్త పలచబడి నీలంగా అలుక్కున్నాయి.

గది చూసుకునే సారు వచ్చి నిలబడినాడు. "ఏందమ్మా పేపరు తడిపినావు?"

"చెమట సార్," అన్నది అత్త, తల ఎత్తకుండా.

బయటికి వచ్చినాక ఆమె ప్రశ్నల సంగతి ఎత్తలేదు. ఎలక చచ్చిందో బతికిందో కూడా చెప్పలేదు. బస్సు మా ఊరు చేరేదాకా అడిగింది ఒక్కటే. "ఒరే అల్లుడా, ఆ మరక గుర్తు కిందికి వస్తాదా?" "రాదత్తా." "వస్తే?" "రాదత్తా." "వస్తే?" ఇంటికి రాగానే అవ్వ ఎదురొచ్చింది. వేసినావా అని అడగలేదు, నీ వల్ల అయిందా అని అడిగింది. అత్త చెప్పింది. గ్లాసు, వేలు, నీళ్ళు, అంతా. అవ్వ కొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఎవరికీ కనబడలేదా?"

"కనబడలేదమ్మా. వెంటనే ఆరిపాయె."

"కనబడాల్సిన ఆయనకు కనబడింటాదిలే," అని లోపలికి పోయి, పొయ్యి మీద పులుసు మూత తీసి చూడటం మొదలుపెట్టింది.

ఫలితాలు వచ్చేదాకా అత్త నిద్రలో కూడా నడిచిందేమోనని నాకు ఇప్పటికీ అనుమానమే. ఆమెకు మరక భయం ఒకటి, చెమటని చెప్పిన అబద్ధం భయం ఒకటి. మనుషులు పాస్ చేసినా పైన ఫెయిల్ చేస్తారేమోనని అయ్యగారి దగ్గరకు పోయి అడిగింది కూడా. చర్చిలో ప్రసంగం తప్ప ప్రశ్నలు అలవాటు లేని మా పాస్టరయ్యగారు, "అమ్మా, ఆ రోజు నీకు చెమట పట్టిందా లేదా?" అన్నాడు. "పట్టింది అయ్యగారూ, కాలువలు కట్టింది." "మరింకేం, పో" అన్నాడు. ఫలితాల రోజు నాయన హైవే దాకా సైకిలు తొక్కుకుని పోయి పేపరు తెచ్చినాడు. పేపరును అరుగు మీద పరిచి అందరం చుట్టూ మూగినాం. అత్త నంబరు ఉంది. అక్కడే, సన్నటి అక్షరాల్లో, ఎవరూ తుడపలేనట్టుగా ఉంది. అవ్వ చదువు రాని వేలితో ఆ నంబరును తాకి తాకి దాన్ని చెరిపేసినంత పని చేసింది. నా నంబరు కూడా ఉందని మా అమ్మ సాయంత్రం వంట చేసేటప్పుడు గమనించింది.

మరుసటి రోజు అత్త పెంచలయ్య సారు కళ్ళానికి పోయింది, నేను వెంట పోయినా. కళ్ళం ఉత్తగా ఉంది, నాలుగు గడ్డిపరకలూ ఎండా తప్ప ఏమీ లేవు. సారు అరుగు మీదనుంచి చూసి లేచి వచ్చినాడు. అత్త నేరుగా వెళ్ళి, మా లావుపాటివాడు నిలబడే చోట, వాక్యం మధ్యలో నిలబడింది. సారు తలగుడ్డ విప్పి మళ్ళీ మొహం తుడుచుకున్నాడు. ఈసారి చెమట కోసం కాదు.

ఇదంతా మొన్న మా వంటింట్లో నెత్తళ్ళు వేపుతూ అత్త స్నేహకు చెప్పింది. నేను హాల్లో పేపరు చదువుతున్నట్టు నటిస్తూ విన్నా. అప్పటికీ ఇప్పటికీ ఎంత తేడా! స్నేహకు మేక లేదు, కళ్ళం లేదు, తాలు లేదు. గడ్డం సారు ఎంత తిప్పి పెట్టినా విసుక్కోడు. రెండో స్పీడులో పెడితే పిల్లి ఎలకను చంపేది కూడా రెండింతలు తొందరగా చంపుతుంది. ఇప్పుడు పరీక్ష హాల్లో కెమెరా చూస్తుందట. జవాబు పత్రానికి బార్‌కోడు ఉంటుందట. లోపలికి తెచ్చుకునే నీళ్ళ బాటిలుకు లేబుల్ కూడా ఉండకూడదట. ఇన్ని చేసి చివరికి పిల్ల మాత్రం మా అత్తలాగానే పెన్ను పట్టుకుని కదలకుండా కూర్చుంది. మిగిలినవన్నీ మారినా ఆ మొదటి అక్షరం ముందరి భయానికి ఇంకా కొత్త మోడల్ రాలేదు. నా మటుకు నేను రాసే ప్రతిదాని మొదటి వాక్యం ముందూ టీ తాగుతా, నడుస్తా, మళ్ళీ టీ తాగుతా. మా అవ్వ ఉంటే ఇదంతా ఒక్క శిలువతో పోయేదానికి ఇంత పాలూ చక్కెరా ఖర్చా అని అడిగేది.

నిన్న పరీక్ష అయింది. నేను గేటు దగ్గర నిలబడలేక రోడ్డు ఆ చివరినుంచి ఈ చివరిదాకా నడుస్తూ ఉంటే, స్నేహ లేబుల్ లేని బాటిలు ఊపుకుంటూ వచ్చింది. ఇంట్లోకి రాగానే, చెప్పులు కూడా విడవకుండా, అత్త పక్కన కూర్చుంది.

"మొదట ఏమీ రాలా నానమ్మా. చెయ్యి కదలనే లేదు."

"తర్వాత?"

"నీళ్ళు తాగినా."

"తాగినావు. అంతేనా?"

స్నేహ నా వంక ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "తర్వాత ఆగకుండా రాసేసినా. కానీ జెల్ పెన్ను కదా, మొదటి లైను రవ్వంత అలుక్కుంది. నానమ్మా, అది గుర్తు కిందికి వస్తాదా?"

ఎస్తేరత్త మా అమ్మాయి కుడిచెయ్యి తీసుకుని, తిప్పి, ఆ చూపుడువేలి కొసను చూసింది. చూసి తన గుప్పిట్లో మూసిపెట్టుకుంది.

"అడిగితే చెమటని చెప్పు," అన్నది.

ఫలితాలు ఇంకా రాలేదు. స్నేహ హాయిగా నిద్రపోతూ ఉంది. గోడకూ గోడకూ మధ్య ఇప్పుడు నడిచేది నేను.